ఆ సీసా ఖరీదు

పోయిన ఏడాది ఆషాఢంలో, లాల్ దర్వాజా బోనాలకి రెండు రోజుల ముందు, షాలిబండలోని మా డాబా మీద ఆరుగురం ఆడవాళ్ళం కూర్చున్నాం. అందరం ఒకప్పుడు ఒకే హాస్టల్లో ఉంటూ సాహిత్యంలోనో చరిత్రలోనో పరిశోధన చేసినవాళ్ళం. ఇప్పుడు ఎవరి ఊళ్ళో, ఎవరి ఉద్యోగాల్లో, ఎవరి కాంట్రాక్టుల్లో వాళ్ళం ఉన్నాం. మాలో ఒకామె న్యూజెర్సీ నించి వస్తూ సూట్‌కేసులో తువ్వాళ్ళ మధ్య చుట్టి ఒక సీసా తెచ్చింది. చూడ్డానికి సీసాలా లేదది. రాగిరంగు వేసిన చిన్న కాగులా ఉంది. ఏమిటిదంటే "బీరు" అంది. ఎవరం నమ్మలేదు.

దాని పేరు యుటోపియాస్. శామ్యూల్ ఆడమ్స్ పేరుతో బీరు అమ్మే బోస్టన్ కంపెనీ దాన్ని దాదాపు రెండేళ్ళకోసారి, లెక్కపెట్టినన్ని సీసాలే విడుదల చేస్తుంది. 2002లో మొదటిసారి వచ్చినప్పుడు అందులో ఆల్కహాలు 24 శాతం. మా స్నేహితురాలు తెచ్చిన 2023 నాటి సీసాలో 28 శాతం. అమెరికాలోనే పదిహేను రాష్ట్రాల్లో దాన్ని అమ్మనివ్వరు, బీరులో అంత ఆల్కహాలు ఉండడానికి అక్కడి చట్టాలు ఒప్పుకోవు. ధర 240 డాలర్లు. మన లెక్కలో ఇరవై వేల రూపాయలు.

నురగ లేదు. గ్యాసు లేదు. చల్లగా తాగకూడదట. చిన్న గ్లాసుల్లో తలా ఒక ఔన్సు పోసింది. ఎండు ద్రాక్ష, ముదురు బెల్లంపాకం, తడిసిన పాత చెక్క, ఆ వెనక గొంతులో చిన్న మంట. బాగుంది. బాగుందని చెప్పకుండా ఈ వ్యాసం రాయడం మోసం అవుతుంది.

గిన్నెలు తోమే అక్క ప్లేట్ల కోసం పైకొచ్చింది. (నేను ఆమెని అక్కా అంటాను. ఆమె నన్ను మేడం అంటుంది. ఎన్నిసార్లు వద్దన్నా మారలేదు, ఇక నేనూ మానేశాను.) "ఏందిది మేడం, నూనెనా?" అని అడిగింది. నేను ఏదో చెప్పేలోపే మా స్నేహితురాలు ఉన్న ధర ఉన్నట్టు చెప్పేసింది. అక్క మెట్టు మీద కూర్చుండిపోయింది. నాలుగు ఇళ్ళలో పని చేస్తే ఆమెకి నెలకి పన్నెండు వేలు వస్తాయి. సీసా చేతిలోకి తీసుకుని వాసన చూసి, "చింతపండు పాకం లెక్కున్నది" అంది. కాసేపాగి అడిగింది. "గిన్ని పైసలు పెట్టి తాగెటోళ్ళు ఇంటికి పోయి ఎవ్వల్ని కొడ్తరు?"

మేమందరం నవ్వాం. ఆమె నవ్వలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

ఆ రాత్రి మేం మాట్లాడుకున్నది అంతకుముందు ఇంకోలా ఉంది. ఈ బీరుకి ఇరవై వేలు తగునా, తగదా అని. ఒకరు తగదన్నారు, ఒకరు అది కళ కదా అన్నారు. అక్క అడిగాక ఆ ప్రశ్న నాకు చిన్నదైపోయింది. అలాగని పనికిరాకుండా పోలేదు. అసలు 'తగడం' అంటే ఏమిటో, ఆ లెక్క ఎవరు కడతారో చూడాలనిపించింది.

ముందు మామూలు లెక్కే చూద్దాం. ముప్పావు లీటరు సీసాలో 28 శాతమంటే 210 మిల్లీలీటర్ల ఆల్కహాలు. మన దగ్గర వైన్ షాపులో దొరికే స్ట్రాంగ్ బీరు సీసా 650 మిల్లీలీటర్లు, అందులో 8 శాతమనుకుంటే 52. అంటే నాలుగు స్ట్రాంగ్ బీర్లలో ఉన్న మత్తు ఆ రాగికాగులో ఉంది. నాలుగు బీర్లు సుమారు ఎనిమిది వందలు. ఇది ఇరవై వేలు. ఇరవై ఐదు రెట్లు. మత్తు కోసమైతే ఇంత తెలివితక్కువ బేరం ఇంకోటి ఉండదు.

మరి ఆ ఇరవై ఐదు రెట్లు దేనికి? కొంత నిజమైన ఖర్చే. మామూలు ఈస్టు పది, పన్నెండు శాతం దాటేసరికి తాను తయారుచేసిన ఆల్కహాలులో తానే చచ్చిపోతుంది. దాన్ని దాటించాలంటే మొండి ఈస్టు కావాలి, దానికి చక్కెరని కొంచెం కొంచెంగా తినిపించాలి, మాల్టు రెండు మూడు రెట్లు పొయ్యాలి. తర్వాత చెక్క పీపాల్లో నెలలు, ఏళ్ళు ఉంచాలి. పీపాలోంచి ప్రతి ఏడాదీ కొంత ఆవిరైపోతూనే ఉంటుంది. ఇంకో అడ్డదారి కూడా ఉంది. బీరుని గడ్డకట్టించి, నీళ్ళు మంచైపోయాక ఆ మంచు తీసిపారేస్తే మిగిలింది చిక్కబడుతుంది. స్కాట్లండుకి చెందిన బ్రూడాగ్ కంపెనీ 2009లో ఇలాగే 32 శాతం బీరు చేసింది, 2010లో 41 శాతం చేసింది, అదే ఏడాది 55 శాతం చేసింది. ఆ చివరి దానికి 'చరిత్ర అంతం' అని పేరు పెట్టి, పన్నెండు సీసాలనీ చచ్చిన ఉడతల్లో, ముంగిసల్లాంటి జంతువుల్లో, ఒక కుందేలులో దూర్చి ఐదొందల పౌండ్లకీ ఏడొందల పౌండ్లకీ అమ్మింది. ఎవరిది ఎక్కువ శాతమని ఒక జర్మన్ బ్రూవరీతో పోటీ కూడా నడిచింది. ఆ పోటీ గురించి చదువుతుంటే నాకు హైస్కూలు వెనక గోడ దగ్గర మగపిల్లల పోటీలు గుర్తొచ్చాయి. ఇంతకన్నా వివరంగా చెప్పను.

కాబట్టి ధరలో కొంత శ్రమ, కొంత కాలం, చాలా వరకూ అరుదుతనం. తక్కువ చేస్తారు కాబట్టి ఎక్కువకి అమ్ముతారు. ఎక్కువకి అమ్ముతారు కాబట్టి తాగేవాళ్ళు నెమ్మదిగా, కళ్ళు మూసుకుని, మాటలు వెతుక్కుంటూ తాగుతారు. మేమూ అలాగే తాగాం.

ఇక్కడ మనకో విచిత్రం ఉంది. బెల్జియంలోనో అమెరికాలోనో 'స్ట్రాంగ్' బీరంటే ఖరీదైన వాళ్ళ అభిరుచి. మన దేశంలో అదే మాట కూలివాడి మాట. భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018 నిబంధనల ప్రకారం బీరులో ఆల్కహాలు 5 శాతం దాటితే స్ట్రాంగ్, 8 దాటడానికి వీల్లేదు. మన దగ్గర అమ్ముడయ్యే బీరులో ఎక్కువ భాగం ఈ స్ట్రాంగే. ఎందుకో వైన్ షాపు ముందు నిలబడితే తెలుస్తుంది. రోజు కూలి చేసినవాడు తన రెండొందలకి ఎంత ఎక్కుతుందో లెక్క చూసుకుంటాడు. 2015లో ప్రభుత్వం మైక్రోబ్రూవరీలకి అనుమతి ఇచ్చాక జూబ్లీహిల్స్‌లో, గచ్చిబౌలిలో వెలసిన చోట్ల మెనూ కార్డు మీద హాప్స్ పేర్లు, పువ్వుల వాసన, నారింజ తొక్క చేదు రాసి ఉంటాయి, మత్తు సంగతి మూలన చిన్న అక్షరాల్లో ఉంటుంది. మత్తు కావాలని ఒప్పుకోవడం పేదవాడి పని. పైవాళ్ళకి రుచి కావాలి.

ఫ్రెంచి సామాజికవేత్త పియరె బోర్దియో 1979లో అభిరుచి మీద రాసిన పుస్తకం మనలో చాలామంది పిహెచ్.డి.ల్లో ఏదో ఒక అధ్యాయంలో వచ్చే ఉంటుంది. అభిరుచి వర్గాన్ని ప్రకటిస్తుందని ఆయన చెప్పాడు. ఒప్పుకుంటూనే ఒక సవరణ చెప్పుకోవాలి. రుచి తెలియడం డబ్బున్న వాళ్ళ సొత్తు అనుకుంటే అది కల్లు కాంపౌండు చూడనివాళ్ళ మాట. తెలంగాణ పల్లెలో ఏ ముసలామెనైనా అడగండి. ఈత కల్లు వేరు, తాటి కల్లు వేరు. తాటిలో మళ్ళీ పోద్దాడు వేరు, పరుపుతాడు వేరు, పండుతాడు వేరు. పొద్దున దించింది ఒక రకం, మాపటికి దించింది ఒక రకం. ఏ చెట్టుదో, ఎవరు గీశారో, లొట్టి కడిగారో లేదో రేకలో పోసిన మొదటి గుక్కకే చెప్పేస్తారు. ఇవి మెనూ కార్డుల మీద లేవు కాబట్టి ఇవి 'అభిరుచి'లోకి రాలేదు. నగరంలో ఆ రుచి కూడా మిగల్లేదు. 2004లో హైదరాబాదులో కల్లు దుకాణాలు మూసేశారు, రాష్ట్రం వచ్చాక 2014లో తెరిచారు. తెరిచిన కాంపౌండ్లలో పోసేది చెట్టు నించి వచ్చిందో, మత్తుబిళ్ళల పొడి కలిపిన చక్కెర నీళ్ళో తాగేవాళ్ళకి తెలియదు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగినవాళ్ళు చనిపోయారు. వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. చవక పానీయానికి ఎంత ధర కట్టాల్సి వస్తుందో అప్పుడు తెలిసింది, పేపర్లో మూడు రోజుల పాటు.

అక్క ప్రశ్నకి తిరిగి వస్తాను. ఖరీదైనది తాగేవాళ్ళు కొట్టరా? కొడతారని మనకి తెలుసు. ఈ పత్రిక చదివేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అక్కడ గోడలు మందం, కిటికీలు మూసి ఉంటాయి, ఆమె మర్నాడు పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని డిపార్టుమెంటుకి వస్తుంది. రుచి తెలిసినవాడు తూగడు, తూగనివాడు కొట్టడు అనే నమ్మకాన్ని ఖరీదైన సీసా తనతోపాటు అమ్ముతుంది. అక్క అడిగిన దాంట్లో ఆ నమ్మకం కొంచెం ఉంది. కాస్త ఆశ కూడా ఉందేమో. ఎక్కడో అలాంటి తాగుడు ఉందా అని.

మా అమ్మ సంగతి చెప్తానన్నాను కదా, అనలేదు గాని చెప్పాలి. ఆ రాత్రి అమ్మ కింద సీరియల్ చూస్తోంది. పైన ఏం జరుగుతోందో ఆమెకి తెలుసు. తెలియనట్టు ఉండడంలో ఆమెకి ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉంది. మా నాన్న తాగేవాడు. కొట్టేవాడు కూడా, కాని ఎక్కువ చేసింది జీతం తాగడం. 1995 జనవరి 16న ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినప్పుడు నేను బళ్ళో చేరి రెండేళ్ళయిందేమో. అమ్మ ఆ రోజు పాయసం చేసిందట. నాకు గుర్తున్నది మాత్రం ఆ తర్వాతి సంగతి. నాన్న మానలేదు. అదే సరుకు ఎక్కడెక్కడి నించో దొంగతనంగా వస్తే మూడింతలు పెట్టి కొన్నాడు. అమ్మ చేతి గాజులు ఆ రెండేళ్ళలోనే పోయాయి. 1997లో నిషేధం ఎత్తేశాక మళ్ళీ పాత ధరకి దొరికింది. గాజులు తిరిగి రాలేదు.

అందుకే, ధర పెంచితే తాగుడు తగ్గుతుందని ప్రజారోగ్యం వాళ్ళు చెప్పేది మొత్తం మీద నిజమే అయినా, వినేటప్పుడు నాకు గాజులు లేని చెయ్యి కనిపిస్తుంది. డబ్బు మగవాడి చేతిలో ఉన్న ఇంట్లో సీసా ధర పెరిగితే ఆ పెరిగింది బియ్యం డబ్బాలోంచి పోతుంది. 2025 జనవరిలో కింగ్‌ఫిషర్ తయారుచేసే కంపెనీ, ప్రభుత్వం బాకీలు కట్టడం లేదనీ రేట్లు పెంచడం లేదనీ తెలంగాణకి సరఫరా ఆపింది. మళ్ళీ మొదలుపెట్టాక ఫిబ్రవరిలో బీరు ధరలు 15 శాతం పెరిగాయి. అక్క మొగుడు ఏం చేశాడని అడిగితే, "బీరు ఇడిసిపెట్టి క్వార్టర్ పట్టిండు" అంది. క్వార్టరు 180 మిల్లీలీటర్లు, 42.8 శాతం. అంటే 77 మిల్లీలీటర్ల ఆల్కహాలు, బీరు కన్నా తక్కువ డబ్బుకి. ఆయన లెక్కలో ఆయన తెలివైన పనే చేశాడు. ఆ తెలివి అక్క వీపు మీద తేలింది.

నెల్లూరు మాటెత్తకుండా తెలుగులో ఆడవాళ్ళు తాగుడు గురించి రాయలేరు. దూబగుంటలో అక్షరదీపం తరగతుల్లో చదువు నేర్చుకున్న ఆడవాళ్ళు వాచకంలో తమ కథే ఉన్న పాఠం చదివి సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు ఊరిపేరుతో కలిసి దూబగుంట రోశమ్మ అయింది. 1992లో జిల్లా అంతా పాకింది, సారా వేలంపాటలు సాగనివ్వలేదు. 1993 అక్టోబరు నించి రాష్ట్రమంతా సారా నిషేధించారు. అదే ఏడాది 'అన్వేషి' ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఈ ఉద్యమం మీద రాసిన వ్యాసాన్ని మా తరం సెమినార్లలో చదువుకుంది. నేను దాన్నుంచి పట్టుకున్నది, ఆ ఆడవాళ్ళు నీతి గురించి మాట్లాడలేదని. మొగుడు చెడ్డవాడయ్యాడన్న ఏడుపు కూడా కాదది. ఇంటికి రావాల్సిన కూలి ఎటు పోతోంది, దాన్ని ఎవరు పట్టుకుపోతున్నారు, సర్కారు అందులో ఎంత తింటోంది అని అడిగారు. సీసా ఖరీదుని సీసా బయట వెతికారు.

ఇంకో పక్క 2009 జనవరి ఉంది. మంగుళూరు పబ్బులో ఆడపిల్లల్ని ఈడ్చి కొట్టినప్పుడు, తాగడం తాగకపోవడం మా ఇష్టమని మనమే అన్నాం. అప్పుడు నేను ఎం.ఏ.కి కూడా రాలేదు. మా హాస్టల్ నోటీసు బోర్డు మీద ఎవరో అతికించిన కరపత్రం చదివి ఒళ్ళు పొంగింది. నెల్లూరు, మంగుళూరు రెండూ మనవే. ఒకటి దుకాణం మూయించడం, రెండోది దుకాణంలోకి వెళ్ళే హక్కు. ఈ రెంటికీ పొంతన కుదర్చమని మన మీటింగుల్లో అడిగితే ఎవరో ఒకరు 'సందర్భం' అనేస్తారు, టీ వస్తుంది. నేనూ కుదర్చలేను. ఒక్కటి గమనించాను. నెల్లూరులో గాని మంగుళూరులో గాని ఆడవాళ్ళు అడ్డుకున్నది వాళ్ళ దేహం మీదా కూలి మీదా ఇంకొకరు చెలాయించే అధికారాన్ని. పానీయం రెండుచోట్లా సాకుగా ఉంది. అయినా దూబగుంటలో ఒక ఆడమనిషి కూర్చుని ఈ మాట విని ఊరుకుంటుందా అంటే, ఊరుకోదు. సాకేంటమ్మా, సారానే అంటుంది.

అక్క తాగుతుంది. ఈ మాట నేను దాచకూడదు. బోనాల రోజు అమ్మవారికి సాక పోస్తారు, కల్లు సాక. సింహవాహిని మహంకాళి ముందు పోసిన కల్లు నేల మీద పారుతుంటే ఆడవాళ్ళు బోనం ఎత్తుకుని దాని మీదుగానే నడుస్తారు. సాక పోశాక ఇంటి ఆడవాళ్ళూ తాగుతారు. దాని గురించి ఎవరూ వ్యాసం రాయరు, సిగ్గూ పడరు. మా అమ్మమ్మ వైపు ముసలివాళ్ళు తాగేవాళ్ళు. చదువుకుని, ఉద్యోగాలు చేసి, పెద్దింటి వాళ్ళలా ఉండాలని నేర్చుకున్న మా అమ్మ తరం మానేసింది. ఇప్పుడు నా తరం ఇంగ్లీషు సీసాలతో మళ్ళీ మొదలుపెట్టింది, దానికి స్వేచ్ఛ అని పేరు పెట్టుకుని. మధ్యలో ఒక్క తరమే సిగ్గుపడింది. ఆ ఒక్క తరం సిగ్గుని మనం సంప్రదాయం అంటున్నాం.

అసలు బీరు కాచే పని ఎవరిదో కూడా చూడాలి. సుమేరియన్ల బీరు దేవత నింకాసి, స్త్రీ. మధ్యయుగాల ఇంగ్లండులో ఏల్ కాచి అమ్మింది ఎక్కువగా ఆడవాళ్ళే. జూడిత్ బెన్నెట్ 1996లో వచ్చిన తన పుస్తకంలో 1300 నించి 1600 మధ్య వాళ్ళ చేతుల్లోంచి ఆ పని ఎలా జారిపోయిందో వివరించింది. ఏల్ నాలుగు రోజుల్లో పులిసి పాడవుతుంది, అందుకని ఇంట్లో కొంచెం కొంచెంగా కాచుకోవాలి. హాప్స్ వేసిన బీరు నిలవుంటుంది. నిలవుండేదాన్ని పెద్దగా కాచొచ్చు, దూరం పంపొచ్చు, దానికి పెట్టుబడి కావాలి, అప్పు కావాలి, సంఘం కావాలి. ఈ మూడూ ఆడవాళ్ళకి దొరకలేదు. మన దగ్గర ఇప్పసారా కాచే ఆదివాసీ ఆడవాళ్ళకి అబ్కారీ చట్టం చేసింది ఇదే. ఇంట్లో కాచుకుంటే నేరం, డిపో నించి వస్తే ఆదాయం.

కాబట్టి ఇవాళ 'చేత్తో చేసిన', 'చిన్న బ్యాచి' బీరంటూ ఖరీదు కడుతున్నది ఆడవాళ్ళ వంటింటి పద్ధతికే. ఆ వంటింట్లో ఇప్పుడు గడ్డాల మగవాళ్ళున్నారు. 2021 మే నెలలో అమెరికాలో బ్రూవరీలో పనిచేసే బ్రియెన్ అలెన్ ఈ రంగంలో ఆడవాళ్ళకి ఎదురైన అనుభవాలు చెప్పమని అడిగితే వందల మంది రాశారు. చెయ్యి వేసినవాళ్ళు, వెక్కిరించినవాళ్ళు, నీకు పీపాలెత్తడం చేతకాదన్నవాళ్ళు. ఆ మరుసటి నెలలోనే, ఉడతల్లో సీసాలు దూర్చిన ఆ బ్రూడాగ్‌లో పనిచేసి మానేసిన వాళ్ళు అక్కడి భయం, స్త్రీద్వేషం గురించి బహిరంగలేఖ రాశారు. 55 శాతం బీరు రుచి వర్ణించిన పేజీల్లో ఈ సంగతులెక్కడా లేవు. రుచికీ వీటికీ సంబంధం లేదనే అనుకుంటారు.

ఇన్ని రాశాక, ఆ సీసాకి ఇరవై వేలు తగదని తేల్చెయ్యడం సులువు. అలా తేల్చబోతుంటే ఒక అనుమానం పట్టుకుంది. మా స్నేహితురాలు అదే ఇరవై వేలు పెట్టి గద్వాల చీర కొనుక్కొచ్చి ఉంటే మేం ఈ చర్చ పెట్టేవాళ్ళమా? అంచు బాగుందనేవాళ్ళం. అక్క కూడా మెట్టు మీద కూలబడేది కాదు. చీర ఇంటి పరువు, కూతురికి వెళ్తుంది, పెళ్ళిలో కనిపిస్తుంది. ఇంకెవరికీ పనికిరాని, గుటకేస్తే అయిపోయే సుఖానికి ఆడది ఖర్చు పెడితేనే తగునా అన్న ప్రశ్న పుడుతుంది. ఆమె తన జీతంతో కొన్నది. ఆ జీతం కోసం పదేళ్ళు ఎన్ని తిప్పలు పడిందో నాకు తెలుసు. తన సుఖానికి రసీదు చూపించమని ఆమెని నేనెందుకు అడగాలి?

చార్మినార్ దగ్గర అత్తరు దుకాణాల్లో తులం ఊద్ నూనె వేలల్లో ఉంటుంది. ఆ నూనెల్లో చుక్క ఆల్కహాలు లేదని పైనే రాసి పెట్టుకుంటారు. నేను కొనేదాన్ని కాదని ముసలి దుకాణదారుకి బాగా తెలుసు. అయినా గాజుపుల్ల ముంచి నా మణికట్టు మీద రాస్తాడు. 'ఇంటికెళ్ళి చూడమ్మా, రేప్పొద్దున ఏమవుతుందో' అంటాడు. ఆ దుకాణంలో అంత ఖరీదైన వాసన నేను ఊరికే తెలుసుకున్నాను. సీసా కొనేవాడికి తెలిసినంతా నాకూ తెలుసు, వాడి దగ్గర ఎక్కువుంది అంతే. ఆ రాత్రి డాబా మీద మేం తాగింది కూడా ఇలాంటిదే కదా, స్నేహితురాలు పంచింది. పంచుకున్న ఔన్సుకి ఇరవై వేల ధర అంటదు. తన గ్లాసులో ఒక్కతే పోసుకుని అల్మరాలో దాచుకునే సీసాకి అంటుతుంది. ఇది నా అభిప్రాయం, దీనికి ఆధారాలు లేవు. ఏ తాగుడైనా ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో చెప్పింది, అది ఔన్సుకీ వర్తిస్తుంది. ఆడవాళ్ళ ఒంట్లో నీరు తక్కువ కాబట్టి అదే గుక్క మనకి ఎక్కువ ఎక్కుతుందన్నదీ నిజమే.

అక్కకి ఆ రాత్రి ఒక ఔన్సు ఇవ్వమని నాకు తోచలేదు. మాలో ఎవరికీ తోచలేదు. ఆరు గ్లాసులున్నాయి, ఆరుగురం ఉన్నాం. ఆమె వాసన చూసి, అడిగి, ప్లేట్లు తీసుకుని దిగిపోయింది. ఇన్ని పేజీల్లో నాకు ఎక్కువ బరువనిపిస్తున్నది ఇదే. తర్వాత గుర్తొచ్చి, బోనాల మర్నాడు "కొంచెం తాగుతవా అక్కా" అని అడిగాను. "వద్దు మేడం, మంచిగ అనిపిస్తే మల్ల యాడికెల్లి తేవాలె" అంది.

ఆ బీరులో గ్యాసు లేదు కాబట్టి మూత తీసినా పాడవదు. మూడో వంతు మిగిలింది. నా పుస్తకాల అరలో నిఘంటువుల వెనక పెట్టాను. అమ్మ ప్రతి శుక్రవారం ఆ అర దులుపుతుంది. సీసా తీసి, కింద తుడిచి, మళ్ళీ అక్కడే పెడుతుంది. రెండు నెలలు ఏమీ అనలేదు. ఒకరోజు మధ్యాహ్నం అన్నం తిన్నాక, "అది ఎట్లుంటది?" అని అడిగింది. నాన్న పోయి అప్పటికి ఆరేళ్ళు. నలభై ఏళ్ళ కాపురంలో ఆ వాసనతో బతికింది గాని రుచి తెలియదు. చెంచాలో పోసి ఇచ్చాను. నాలిక మీద పెట్టుకుని చాలాసేపు ఉంచుకుంది. "దగ్గు మందు లెక్కున్నది" అంది. తర్వాత, "తియ్యగనే ఉన్నది గద" అంది.

చెంచా కడిగి పెడుతూ, ఎంతని అడిగింది.

రెండు వేలని చెప్పాను.